గిద్దలూరులో ఒక మాట

పిల్లలూ! మీలో ఎంతమంది గిద్దలూరు చూశారు? గుంటూరులో నంద్యాల వైపు పోయే రైలెక్కి కూర్చుంటే నరసరావుపేట, వినుకొండ, దొనకొండ, మార్కాపురం రోడ్డు, కంభం వరసగా వచ్చి వెళ్ళిపోతాయి. ఆ తర్వాత వచ్చేది గిద్దలూరు. అక్కడ దిగి ప్లాటుఫారం మీద నిలబడండి. పడమటి వైపున నల్లమల కొండలు గోడ కట్టినట్టు కనబడతాయి. తూర్పున వెలికొండలు. ఈ రెండింటి నడుమ సగిలేరు లోయ. సగిలేరు పేరుకు ఏరే గాని, ఏడాదిలో చాలా రోజులు ఇసుకే కనిపిస్తుంది. వానలు పడినప్పుడు మాత్రం దాని పొగరు చూడాలి! అది దక్షిణంగా పోయి పెన్నలో కలుస్తుంది.

గిద్దలూరు వెళ్ళినవాళ్ళు ఏం చూస్తారు? కొందరు కంభం చెరువు చూసి వస్తారు. విజయనగర రాజుల కాలంలో గుండ్లకమ్మకు అడ్డంగా, రెండు కొండల సందున కట్ట వేసి నిలిపిన నీరు అది. కొందరు మార్కాపురంలో పలకలు చేసే చోటికి వెళతారు. మీ తాతలు అక్షరాలు దిద్దిన పలకల్లో ఎన్నో ఆ ఊరి రాళ్ళే. నేను మాత్రం ఇవాళ మీకు ఒక మాటను చూపిస్తాను. మాటను చూడడమేమిటని నవ్వకండి. ముప్పయ్యేళ్ళకు పైగా ఈ చుట్టుపక్కల బళ్ళలో పాఠాలు చెప్పినవాణ్ణి. నాకు కొండలకంటే మాటలే ఎక్కువ కనబడతాయి.

స్టేషను నుంచి బజారు వైపు నడుద్దాం రండి. చెవులు మాత్రం తెరిచి ఉంచుకోండి.

అదిగో, మూట నెత్తిన పెట్టుకొని పోతున్న ఒకాయన ఇంకొకాయన కాలు తొక్కాడు. "అయ్యో, తొక్కినానా అన్నా?" అన్నాడు. "పర్లేదులే పో" అన్నాడు రెండో ఆయన. టీ కొట్టు దగ్గర కుర్రవాడు గ్లాసు చేతికిచ్చి, "ఎట్లుంది సార్ టీ?" అని అడిగాడు. "పర్వాలేదు" అన్నాడు తాగుతున్న పెద్దమనిషి. బస్సులో ఒకావిడకు ఎవరో లేచి చోటు ఇవ్వబోతే, "పర్లేదులే అబ్బయ్యా, దగ్గరే దిగుతా" అన్నది. అరుగు మీద దుప్పటి కప్పుకొని కూర్చున్న ముసలాయనను దారిన పోయేవాడు "ఎట్లుంది తాతా జరం?" అని అడిగితే, "పర్వాలేదు నాయనా" అన్నాడు.

విన్నారా? నాలుగు చోట్లా ఒకే మాట. కాని ఒకే అర్థమేనా? కాలు తొక్కించుకున్నాయన "నిన్ను క్షమించాను" అన్నాడు. టీ తాగుతున్నాయన "బాగానే ఉంది గాని, మెచ్చుకునేంత కాదు" అన్నాడు. బస్సులో ఆవిడ "నాకు వద్దు" అన్నది. మరి దుప్పటి కప్పుకొన్న తాత ఏమన్నాడు? అది మాత్రం అంత సులభంగా చెప్పలేము. జ్వరం తగ్గిందని అన్నాడో, తగ్గకపోయినా ఎదుటివాణ్ణి కంగారు పెట్టడం ఎందుకని అన్నాడో! అడిగినవాడు అంతటితో ముందుకు సాగిపోయాడు.

అన్నట్టు, మీరు కూడా ఈ మాటను బాగానే వాడతారు. "పరీక్ష ఎట్లా రాశావురా?" అని నాన్నగారు అడిగితే మీరేమంటారు? "పర్వాలేదు నాన్నా." ఆ పర్వాలేదులో ఎంత ఉన్నదో మార్కులు వచ్చేదాకా బ్రహ్మకు కూడా తెలియదు!

ఇప్పుడు ఈ మాటను విప్పి చూద్దాం. "పర్వా", "లేదు" అని ఇందులో రెండు ముక్కలున్నాయి. "లేదు" మన అచ్చ తెలుగు. "పర్వా" మాత్రం తెలుగు కాదు, సంస్కృతమూ కాదు. అది ఎంతో దూరం నుంచి, పారశీక దేశం నుంచి వచ్చింది. ఇప్పుడు ఇరాన్ అంటున్నాము చూడండి, ఆ దేశపు భాషలో "పర్వా" అంటే లెక్క, చింత, పట్టింపు. కాబట్టి "పర్వాలేదు" అంటే "చింత లేదు" అన్నమాట. ముందు భాగం ఇరాన్‌ది, వెనక భాగం మనది. పరాయి దేశపు ఎద్దునూ మన ఎద్దునూ ఒకే కాడికి కట్టినట్టు ఉన్నది గదా!

చిత్రమేమిటంటే, ఈ పర్వా ఒక్క మన ఇంటికే రాలేదు. తమిళులు దీనికి తమ "ఇల్లై" తగిలించి "పరవాయిల్లై" అంటారు. కన్నడిగులు "పరవాగిల్ల" అంటారు. మరాఠీవాళ్ళు "పర్వా నాహీ" అంటారు. హిందీవాళ్ళు "పర్వాహ్ నహీఁ" అంటారు. మా గిద్దలూరు రైలు గుంటకల్లు దాకా పోతుంది. అక్కడ నిలబడితే తెలుగూ కన్నడమూ తమిళమూ మరాఠీ హిందీ అన్నీ వినబడతాయి. అన్ని భాషలవాళ్ళూ ఎవరి "లేదు" వాళ్ళు తెచ్చుకున్నారు. పర్వా మాత్రం అందరికీ ఒక్కటే.

పారశీకపు మాట ఈ కొండల మధ్యకు ఎట్లా వచ్చింది? సైన్యాలతోనూ, అంతకంటే ఎక్కువగా లెక్కల పుస్తకాలతోనూ వచ్చింది. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలంలో కచేరీలలో పారశీకం నడిచేది. వాళ్ళ ఫర్మానాలు కొన్ని పారశీకంలోనూ తెలుగులోనూ కూడా రాయించారు. తరవాత ఈ దేశం మీద కడప నవాబుల పెత్తనం సాగింది. ఆపైన నైజాము చేతికి వచ్చింది. 1800లో నైజాము దత్తమండలాలను ఇంగ్లీషు కంపెనీకి ఇచ్చివేసినప్పుడు కంభం, గిద్దలూరు ప్రాంతం కూడా వాటితో పాటు పోయింది. తరవాత ఇది కడపను విడిచి కర్నూలు జిల్లాలో చేరింది. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు దానిలోకి మారింది. రెండేళ్ళకు ఆ జిల్లాకే ప్రకాశం అని పేరు పెట్టారు. రాజులు మారారు, జిల్లాలు మారాయి. పన్ను కట్టే రైతూ, పన్ను రాసుకునే గుమాస్తా మాత్రం రోజూ మాట్లాడుకోక తప్పదు గదా! ఆ మాటల్లో ఇటు మాటలు అటు, అటు మాటలు ఇటు కలిసిపోయాయి.

నమ్మకం లేకపోతే మళ్ళీ బజారులోకి రండి. అసలు "బజారు" అన్నదే పారశీకం. "దుకాణం" అరబ్బీ మాట, పారశీకం మీదుగా వచ్చింది. దుకాణంలో "తరాజు" ఉన్నది, అది పారశీకం. కొన్నదానికి "రసీదు" ఇస్తారు, అదీ పారశీకమే. బట్టలు కుట్టే "దర్జీ", చేతి "రుమాలు", మనం ఇంతసేపూ అంటున్న "రోజు", ఇవన్నీ అక్కడివే. "జిల్లా", "తాలూకా" అరబ్బీ నుంచి వచ్చాయి. ఇట్లాంటి మాటలు తెలుగులో ఎన్ని ఉన్నాయో చూసి బ్రౌను దొర ముచ్చట పడ్డాడు. ఆయన 1820లో కడపకు ఉద్యోగం మీద వచ్చి, తెలుగు నేర్చుకొని, మన పుస్తకాలను వెతికి వెతికి కాపాడినవాడు. తెలుగు నిఘంటువు వేరే ఉన్నా చాలక, తెలుగులో కలిసిపోయిన పరాయి మాటలకోసమని 1854లో ప్రత్యేకంగా ఒక నిఘంటువును అచ్చు వేయించాడు.

ఇక్కడ ఒక చిన్న తగవు. కొందరు దీన్ని "ఫర్వాలేదు" అని ఒత్తు పెట్టి రాస్తారు. పారశీకంలో ఉన్నది ఉత్త "ప"యే. పరాయి మాట కనిపిస్తే చాలు, ఒత్తు పెట్టి గౌరవించాలని మనవాళ్ళకు ఒక సరదా. నేను "ప" అనే రాస్తాను. మీరు "ఫ" రాస్తే మార్కులు తగ్గించనులెండి. పర్వాలేదు!

ఇప్పుడు మీరందరూ "పర్వాలేదు" మానేసి "ఓకే" అంటున్నారు. దాని కథ కూడా తమాషాదే. అమెరికాలో బోస్టను నగరపు పత్రిక ఒకటి 1839 మార్చి 23న దాన్ని అచ్చు వేసింది. "ఆల్ కరెక్ట్", అంటే అంతా సరిగా ఉన్నదనే మాటను కావాలని తప్పుల స్పెల్లింగుతో రాసి, దాని మొదటి అక్షరాలు రెండూ తీసుకొని వేళాకోళం చేశారు. తప్పుల తడకగా పుట్టిన మాట "అంతా సరిగ్గా ఉంది" అనడానికి లోకమంతా చెల్లిపోతున్నది!

పోయిన ఏడు నాకు ఇట్లాంటిదే మరొక మాట దొరికింది. మా బడిలో చదువుకున్న అమ్మాయి ఒకతె ఇప్పుడు నార్వే దేశంలో ఉద్యోగం చేస్తున్నది. నార్వే అంటే ఐరోపాలో పైకొసన ఉన్న కొండల దేశం, మంచు దేశం. వెళ్ళిన కొత్తలో ఆ అమ్మాయి పులిహోర చేసి ఆఫీసుకు పట్టుకుపోయిందట. ఒకాయన తిని, "గ్రైట్" అన్నాడట. ఇంగ్లీషులో "గ్రేట్" అంటే గొప్పగా ఉందని గదా అర్థం? మన పిల్ల పొంగిపోయింది. వారం తిరిగేసరికి చూస్తే, ఆయన ప్రతిదానికీ గ్రైట్ అంటున్నాడు. ఆలస్యంగా వస్తే గ్రైట్. కాగితం పొరపాటుగా ఇస్తే "డే ఎర్ గ్రైట్". ముఖంలో నవ్వు కూడా ఉండదు! చివరికి విచారిస్తే తేలిందేమిటంటే, అది ఇంగ్లీషు మాట కాదు, నార్వే మాట. అర్థం, "పర్వాలేదు!"

"నా పులిహోర పర్వాలేదట సార్!" అని ఫోనులో పగలబడి నవ్వింది.

నేను ఊరుకుంటానా? పుస్తకాలు తిరగేశాను. ఆ మాటకు ముత్తాత వంటిది పాత నార్సు భాషలో ఉన్నది. ఓడల మీద సముద్రాలు దాటిన వైకింగులు మాట్లాడిన భాష అది. ఆ భాషలో ఈ మాటకు సిద్ధంగా ఉన్నది, అడ్డు లేనిది అని అర్థం. దారి విషయంలో కూడా వాడేవారు. కొండల్లో మంచు పడి బాటలు మూసుకుపోయే దేశంలో "దారికి అడ్డు లేదు" అన్నదానికంటే మంచి కబురు ఇంకేముంటుంది? దారి సుగమం, పని సుగమం, అంతా సుగమం. అట్లా అది "సరే, బాగానే ఉంది" అయింది. పేచీ పెట్టని మంచివాణ్ణి కూడా వాళ్ళు "గ్రై" మనిషి అంటారట. ఇది చాలక వాళ్ళు కూడా ఇంగ్లీషు "ఆల్ రైట్"ను ఎరువు తెచ్చుకొని, తమ అక్షరాలలో "ఓల్‌రైట్" అని రాసుకుంటున్నారు. ఎరువు తెచ్చుకోని భాష ఏదీ ఉండదు కాబోలు.

చూశారా తేడా? నార్వేవాడి మాట దారిని గురించి చెబుతుంది. మన మాట మనసును గురించి చెబుతుంది. దారికి అడ్డు లేదంటే, ఎవరైనా వెళ్ళి చూసి రావచ్చు. మనసులో చింత లేదంటే, చూసి వచ్చేదెవరు?

దీన్ని గురించి ఆలోచిస్తుంటే నాకు గిద్దలూరు స్టేషను గుర్తుకు వచ్చింది. అదీ, ఒక కుర్రవాడూ. ఆ సంగతి చెబుతాను, వినండి.

అది 1986. అప్పటికి నేను మాస్టరుగా చేరి మూడేళ్ళయింది. ఆ రోజుల్లో మా లైను మీటరు గేజి. పట్టాల మధ్య దూరం ఒక్క మీటరే. దక్షిణ మరాఠా రైల్వే అనే కంపెనీ 1880ల దశకంలో ఈ నల్లమల కొండల్లో దారి తొలిచి, బెజవాడ వైపు నుంచి పడమటి తీరాన ఉన్న మర్మగోవా రేవు వైపుకు రైళ్ళు నడవడానికి వీలు చేసింది. గిద్దలూరు దాటితే దిగువమెట్ట. అక్కడి నుంచి అడవిలోకి ఎక్కుడు. చలమ, తరవాత బొగద సొరంగం, దొరబావి దగ్గర లోయ మీద ఎత్తయిన ఇనుప వంతెన. ఆ పైన గాజులపల్లె, నంద్యాల. 1990ల దశకంలో పెద్ద పట్టాలు వేసినప్పుడు రైలు కొత్త దారి పట్టింది. దొరబావి పాత వంతెన మీదుగా ఇప్పుడు రైళ్ళు పోవు.

ఎనిమిదో తరగతి పిల్లలు ముప్పయి మందిని వెంటబెట్టుకొని ఒక ఆదివారం గాజులపల్లెకు బయలుదేరాను. సొరంగమూ వంతెనా చూసి సాయంత్రం బండికి తిరిగి రావాలని. పిల్లలు ఇంట్లో కట్టించుకున్న సద్దిమూటలతో తెల్లవారకముందే స్టేషనులో హాజరయ్యారు. బండి రావడానికి ఇంకా వ్యవధి ఉన్నది. ఉత్తినే కూర్చోవడమెందుకని పాఠం మొదలుపెట్టాను. పంతుళ్ళ బుద్ధి!

"ఒకే జత పట్టాల మీద రెండు వైపుల నుంచీ రైళ్ళు వస్తుంటే గుద్దుకోవా?" అని అడిగాను. ఎవరూ చెప్పలేదు. స్టేషనుమాస్టరుగారు మంచివారు. గదిలోకి పిలిచి ఇనుప పెట్టె వంటి యంత్రాన్ని చూపించారు. దానిలో ఇనుప బంతులున్నాయి. ఇటువంటిదే ఇంకొకటి పక్క స్టేషనులో ఉంటుంది. రెండింటినీ తీగలు కలుపుతాయి. ఇక్కడి మాస్టరు గంట కొట్టి, "దారి ఖాళీగా ఉన్నదా?" అని అడగాలి. అక్కడి మాస్టరు చూసుకొని, ఉన్నదని బదులు గంట కొట్టి, తన యంత్రాన్ని పట్టి ఉంచితే గాని ఇక్కడ బంతి ఊడిరాదు. ఒకసారి ఒక బంతి బయటికి వచ్చిందా, అది పక్క స్టేషనుకు చేరి యంత్రంలో పడేదాకా రెండో బంతి రానే రాదు. ఆ బంతిని తోలు సంచిలో వేసి, పెద్ద వలయానికి తగిలించి డ్రైవరు చేతికి ఇస్తారు. అది చేతిలో ఉంటేనే బండి కదలాలి. దీనికి "లైన్ క్లియర్" అని పేరు.

"సార్, అవతలి మాస్టరు ఊరికే 'పర్వాలేదు, పంపించు' అంటేనో?" అని ఒక గడుగ్గాయి అడిగాడు.

స్టేషనుమాస్టరుగారు నవ్వి, "మా యంత్రానికి ఆ మాట తెలియదు నాయనా" అన్నారు.

తరవాత పిల్లలకు సిగ్నలు చూపించాను. ఎత్తయిన స్తంభం, దానికి ఎర్రని చెయ్యి. చెయ్యి అడ్డంగా ఉంటే ఆగాలి. కిందికి వాలితే రావచ్చు. కొంతసేపటికి చెయ్యి వాలింది. "దిగింది! దిగింది!" అని ముప్పయి గొంతులూ అరిచాయి. అందులో ఒక గొంతు క్షణం ఆలస్యంగా అరిచింది. నేను పట్టించుకోలేదు.

ఆ గొంతు ఎవరిదంటే, వెనక బెంచీలో కూర్చునే పొడుగాటి కుర్రవాడిది. పేరు చెప్పనులెండి, వాడిప్పుడు పెద్ద సంసారి. వాళ్ళ నాన్న అడవిలో వెదురు కొట్టే పనికి పోయేవాడు. కుర్రవాడు నోటి లెక్కల్లో చురుకు. బోర్డు మీది లెక్క ఇస్తే మాత్రం ఏడును ఒకటిగానూ, మూడును ఎనిమిదిగానూ ఎక్కించుకొని తప్పు చేసేవాడు. "ఏరా, ధ్యాస ఎక్కడున్నది? బోర్డు కనబడుతోందా లేదా?" అని గద్దించేవాణ్ణి. "పర్వాలేదు సార్" అనేవాడు. ఆ జవాబు పొగరుగా తోచి రెండుసార్లు బెత్తంతో కొట్టాను కూడా.

దిగువమెట్టలో బండి ఎదురు బండి కోసం ఆగింది. పిల్లలు కిటికీల్లోంచి తలలు పెట్టి సిగ్నలు కోసం చూస్తున్నారు. సరదాకు ఆ కుర్రవాణ్ణే పిలిచి, "ఇప్పుడు చెయ్యి ఎట్లా ఉందో చెప్పు" అన్నాను. వాడు సిగ్నలు వైపు చూడలేదు. పక్కవాడి ముఖం వంక చూశాడు. పక్కవాడు ఊరుకున్నాడు. వాడు కాస్త తడబడి, "దిగింది సార్" అన్నాడు.

చెయ్యి అడ్డంగానే ఉన్నది. పిల్లలు గొల్లుమన్నారు.

"కనబడడం లేదా నీకు?" అన్నాను.

"పర్వాలేదు సార్" అన్నాడు.

పిల్లలూ, ఆ మాట వినగానే నాకు బెత్తం గుర్తుకు వచ్చింది. దొరబావి వంతెన మీద బండి నెమ్మదిగా పోతుంటే పిల్లలంతా కింద లోయలోకి చూసి కేకలు వేస్తున్నారు. మేకలున్నాయని ఒకడు, కాదు బండలని ఇంకొకడు. వాడు కూడా కిటికీ దగ్గరే ఉన్నాడు. లోయలోకి కాదు, వాళ్ళ ముఖాల్లోకి చూస్తూ, వాళ్ళు నవ్వితే నవ్వుతున్నాడు. రెండేళ్ళుగా నా తరగతిలో వాడు చేస్తున్నది ఇదేనని అప్పుడు తెలిసింది నాకు.

ఆ రాత్రి వాళ్ళ ఇంటికి వెళ్ళాను. "వాడెప్పుడూ చెప్పలేదు సామీ!" అని వాళ్ళ నాన్న నెత్తి కొట్టుకున్నాడు. రెండు వారాల తరవాత తండ్రినీ కొడుకునూ నంద్యాలలో కంటి వైద్యుడి దగ్గరికి తీసుకుపోయాను. ఆయన పరీక్ష చేసి, హ్రస్వదృష్టి అన్నాడు. మన కన్ను ఒక చిన్న పెట్టె కెమెరా వంటిది. ముందున్న కటకం బయటి దృశ్యాన్ని వెనక తెర మీద పడేట్టు చేస్తుంది. కనుగుడ్డు ఉండవలసినదానికంటే కాస్త పొడుగైతే, దూరపు వస్తువుల బొమ్మ తెర దాకా రాకుండా ముందే ఏర్పడుతుంది. దగ్గరవి స్పష్టంగా ఉంటాయి, దూరపువి అలుక్కుపోతాయి. నడుమ పలచగా, అంచుల్లో మందంగా ఉండే అద్దం పెడితే బొమ్మ వెనక్కి జరిగి తెర మీదికి వస్తుంది. అంతే. ఇంత చిన్న అద్దం ముక్క! పుట్టుకతో అట్లాగే చూస్తున్నవాడికి తన చూపు తక్కువని తెలియనే తెలియదు. లోకమే అట్లా ఉంటుందనుకుంటాడు.

అద్దాలు వచ్చిన రోజున సాయంత్రం బండిలో తిరిగి వస్తున్నాము. వాడు కిటికీ దగ్గర కూర్చున్నాడు. గాజులపల్లె దాటి అడవిలోకి వచ్చాము. చాలాసేపు మాట్లాడలేదు. తరవాత నా చెయ్యి పట్టుకొని, "సార్, చెట్టు మీద ఆకులు ఒక్కొక్కటీ వేరుగా కనబడుతున్నాయి సార్" అన్నాడు. నల్లమల అడుగున పుట్టి పెరిగిన పిల్లవాడు! పద్నాలుగేళ్ళు వాడికి ఆ కొండ ఉత్త పచ్చటి గోడ.

"మరి కనబడలేదని ముందే ఎందుకు చెప్పలేదురా?" అని అడిగాను.

"ముందు బెంచీలో కూర్చోబెడతారు. అది పొట్టోళ్ళ బెంచీ సార్" అన్నాడు. కాస్సేపాగి, వాళ్ళ నాన్న నిద్రపోతున్నాడో లేదో చూసుకొని, మెల్లిగా, "అద్దాలకు డబ్బులు కావాలి గదా సార్" అన్నాడు.

కొట్టినందుకు వాడికి ఏదో చెప్పాలని నోరు తెరిచాను. ఆ కాలంలో పంతుళ్ళు పిల్లలకు క్షమాపణ చెప్పే అలవాటు లేదు. అయినా చెప్పాను. వాడేమన్నాడో మీకు వేరే చెప్పాలా? "పర్వాలేదు సార్" అన్నాడు. ఆ ఒక్కసారీ మాత్రం వాడి ముఖమంతా ఆ మాటే ఉన్నది.

అప్పటి నుంచి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. ఎవరైనా "పర్వాలేదు" అంటే, ఆ మాటను విని ఊరుకోకుండా వెంటనే రెండో ప్రశ్న వేసేవాణ్ణి. "బోర్డు కనబడుతోందా?" అనడం మానేసి, "బోర్డు మీద మూడో వరస చదువు" అనేవాణ్ణి. "అన్నం తిన్నావా?" అనడం మానేసి, "ఇవాళ మీ ఇంట్లో ఏం కూర?" అనేవాణ్ణి. కూర పేరు చెప్పడానికి ఆలస్యం చేసిన పిల్లలు నాకు చాలామంది తగిలారు. మా పిల్లలు ఈ రెండో ప్రశ్నకు "సారు బంతి" అని పేరు పెట్టారు. గిద్దలూరు స్టేషనులో చూసిన ఇనుప బంతి వాళ్ళకు గుర్తుండిపోయింది మరి!

ఇప్పుడు ఆ స్టేషనులో ఎర్రచేతి స్తంభాలు లేవు. రంగు దీపాలు వచ్చాయి. కరెంటు ఇంజన్లు వచ్చాయి. వలయం పట్టుకొని ప్లాటుఫారం చివర నిలబడే మనిషీ లేడు. పడమట నల్లమల మాత్రం అట్లాగే ఉన్నది.

పోయిన డిసెంబరులో ఒక రాత్రి నార్వే అమ్మాయి మళ్ళీ ఫోను చేసింది. "బాగుండావా తల్లీ?" అన్నాను.

"ఆఁ, పర్వాలేదు సార్" అన్నది.

"ఇవాళ ఎండ చూశావా?" అని అడిగాను.

అటువైపు కాస్సేపు మాట లేదు. "ఇక్కడ మధ్యాహ్నం మూడింటికే చీకటి పడుతుంది సార్" అన్నది. తరవాత చెప్పడం మొదలుపెట్టింది. నేను కుర్చీ దగ్గరికి లాక్కొని కూర్చున్నాను. ఇక్కడ మాకు తెల్లవారుజాము కోడి కూసేదాకా చెబుతూనే ఉన్నది.